వారు కుదిరితేనే ఒర

కార్తీక అమావాస్యకు ఎప్పుడైనా కారంపూడి వచ్చారా మీరు? రాకపోతే ఒక్కసారి రండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ అయిదు రోజులు మా ఊరు ఊరంతా వీర్ల గుడి చుట్టూనే ఉంటుంది. ఆచారవంతులు ఎక్కడెక్కడి నుంచో తమ కొణతాలు పట్టుకొని వస్తారు. వీరుల ఆయుధాలు అవి. వాటికి నాగులేట్లో స్నానం, ఆ పైన పూజ, ఊరేగింపు. వీరవిద్యావంతుడు కత్తీ డాలూ పట్టుకొని బాలచంద్రుడి కథ ఎత్తుకుంటే, వెనక పంబ అందుకుంటే, నిలబడ్డ జనానికి ఒళ్లు తెలియదు.

అందరి చూపూ కత్తి మీద ఉంటే, తోలుపని చేసేవాణ్ని కాబట్టి నా చూపు కట్టు మీదికి పోతుంది. పంబ వాయించే మనిషి అంత బరువును అంతసేపు ఎట్లా మోస్తున్నాడు? పట్టీ ఒంటిని ఎక్కడ పట్టుకుంది, ఎక్కడ కోస్తోంది? ఏ చేయి అడ్డం లేకుండా ఆడుతోంది? ఈ వీరులు పోరాడిన పల్నాటి యుద్ధం, అదే కారంపూడి యుద్ధం, సుమారు 1182లో జరిగిందంటారు. శ్రీనాథుడు రాసిన వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేశారు. అమెరికా నుంచి వచ్చిన రోఘైర్ అనే పండితుడు మన కథకుల నోట ఈ గాథ విని, 1982లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే తెచ్చాడు. వీరుల పేర్లు, కత్తుల పేర్లు, కోళ్ల పేర్లు కూడా మనకు తెలుసు. కత్తిని ఒంటికి పట్టి ఉంచిన తోలు వారును ఎవరు కోశారో, ఎవరు కుట్టారో ఏ గాథా చెప్పలేదు. చేతికి రాకముందు ఆయుధం ఉండేది తోలులోనే కదా! అందుకే ఇవాళ్టి కబుర్లు ఆ తోలు గురించి, అందులోనూ ఛాతీ మీద కట్టుకునే ఒర గురించి. హోల్‌స్టర్ అంటే మీకు చప్పున తెలుస్తుంది.

హోల్‌స్టర్ అనగానే తుపాకీ గుర్తొస్తుంది. నా దగ్గరికి మాత్రం అది కటింగ్ ప్లయర్ కోసం వచ్చింది. మా పక్క ఊళ్లో లైన్‌మన్‌గా చేసే కుర్రవాడొకడు వచ్చి, "అన్నా, ప్లయరూ టెస్టరూ నడుముకి కట్టుకుంటే స్తంభం ఎక్కేటప్పుడు తొడకు కొట్టుకుంటన్నయ్. పైకి పోయినాక సేఫ్టీ బెల్టు కింద ఇరుక్కుపోతన్నయ్. జేబులో పెడితే జారి కింద పడతన్నయ్. ఏదన్నా ఉపాయం చెప్పు" అన్నాడు. మోకు లాంటి బెల్టు నడుం చుట్టూ ఉన్న మనిషికి నడుం మీద ఇంక చోటెక్కడిది? వీపు మీద పెడితే చేయి అందదు. మిగిలింది ఛాతీ. రొమ్ము ఎముక కింద, డొక్కల మీద, కాస్త ఏటవాలుగా కూర్చునే ఒర అయితే ఏ చేత్తోనైనా తీసుకోవచ్చు, వంగినా లేచినా కదలదు.

ఈ ఆలోచన నాది కాదు లెండి. నడుం ఖాళీ లేని వాళ్లంతా చివరికి ఛాతీ దగ్గరికే చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ట్యాంకు దళాల వాళ్లు ఆ ఇనప డబ్బాల్లో కూర్చొని నడుం నుంచి పిస్తోలు తీయలేక భుజానికీ ఛాతీకీ తగిలించుకునే తోలు ఒరలు వాడారు. అలాస్కాలో ఎలుగుబంట్లు తిరిగే చోట చేపలు పట్టేవాళ్లు, వీపున పెద్ద సంచీలు మోసేవాళ్లు ఇప్పటికీ ఇదే కట్టుకుంటారు. సంచీ బెల్టు నడుముని ఆక్రమిస్తుంది, ఏట్లో దిగితే నీళ్లు నడుం దాకా వస్తాయి. ఇంకా ముందుకు పోతే శామ్ బ్రౌన్ అనే ఇంగ్లీషు సేనాధికారి ఉన్నాడు. 1858 ఆగస్టు 31న పీలీభీత్ దగ్గర జరిగిన పోరులో ఆయన ఎడమ చేయి తెగిపోయింది. ఒరను పట్టుకొని ఉంచే చేయి లేకపోతే కత్తి ఎట్లా దూస్తాడు? అందుకని నడుం బెల్టుకి తోడుగా భుజం మీదుగా అడ్డవారు వేయించుకున్నాడు. ఒర ఊగకుండా నిలబడింది, బరువు భుజానికి ఎక్కింది. ఆ అడ్డవారే తరవాత సైన్యాలకూ, మన పోలీసు అధికారుల యూనిఫారానికీ వచ్చింది. పరేడ్‌లో అది మెరుస్తుంటే అలంకారం అనుకుంటాం గానీ, పోయిన చేతి పని చేయడానికి పుట్టిన వారు అది.

సరే, తోలు దగ్గరికి వద్దాం. అంగడిలో దొరికే మెత్తటి, రంగురంగుల తోలు ఈ పనికి పనికిరాదు. అది క్రోమ్‌తో ఊనింది. బూటు పైభాగానికీ హ్యాండుబ్యాగుకీ బాగుంటుంది గానీ తడిపి ఆకారం దిద్దితే నిలవదు. మనకు కావలసింది చెక్కతో, అంటే చెట్టు బెరడుతో, ఊనిన తోలు. తేడా ఎట్లా తెలుస్తుందంటారా? అంచు కోసి చూడండి. చెక్క తోలు లోపలి దాకా గోధుమ రంగులో ఉంటుంది, క్రోమ్ తోలు కోతలో నీలం కలిసిన బూడిద రంగు తొంగిచూస్తుంది. మీద ఒక నీటి చుక్క వేయండి. చెక్క తోలు దాన్ని తాగి నల్లబడుతుంది, ఆరాక మళ్లీ తేటపడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చెట్టు వాసన వస్తుంది.

ఆ చెట్టు మనదే. పల్నాడు మెట్టల్లో, రాళ్ల మధ్య కూడా పచ్చగా పూసే తంగేడు. పచ్చి తోలును ముందు సున్నంలో వేస్తే వెంట్రుక వదులుతుంది. సున్నానికి మనకు కొరతా? పక్కనే పిడుగురాళ్ల ఉంది. ఆ తరవాత కడిగి, కండ గీకి, తంగేడు చెక్క నానిన నీళ్లున్న లందలో ఊరబెట్టేవారు. వారాల తరబడి, నీళ్లు మార్చుతూ, చిక్కదనం పెంచుతూ చేసే పని. చెక్కలోని వగరు తోలు పోగుల్లోకి ఎక్కితేనే అది కుళ్లకుండా నిలుస్తుంది. తంగేడు చెక్కతో ఊనిన తోలు ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఇంగ్లండు పోయేది, అక్కడ దానికి ఈస్ట్ ఇండియా తోలు అని మంచి పేరు.

ఇంత రసాయనశాస్త్రం తెలిసిన చేతులను మనం ఊరి బయట ఉంచాం. ఈ మాట దాటేసి తోలు గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఊరి బావుల మీద ఎడ్లతో నీళ్లు తోడే కపిల తోలినంత కాలం బాన తొండం వాళ్లు కుట్టిందే. ఎడ్ల పట్టెడలు, చెర్నకోలలు, కిర్రు చెప్పులు, డప్పులు, అన్నీ చిల్లు పొడిచే ఆ ఆరె, తోలు కోసే రంపె, గూటంతో చేసినవే. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలవలకు వదిలారు, కరెంటు మోటార్లు వచ్చాయి, కపిల బాన మూలపడింది. తోలు కుట్టే ఇళ్లల్లో పని తగ్గింది, అవమానం మాత్రం తగ్గలేదు. వినుకొండలో 1895లో పుట్టిన కవి జాషువా గారు ఆ బాధను 'గబ్బిలం'లో చెప్పుకున్నారు. చెప్పులు కుట్టే కులంలో పుట్టిన కథానాయకుడికి గుడిలోకి దారి లేదు. కాశీ విశ్వనాథుడికి తన గోడు గబ్బిలం చేత చెప్పి పంపాల్సి వచ్చింది. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టి, మాల కన్నమదాసును సేనాపతిని చేసిన బ్రహ్మనాయుడి గడ్డ మీద ఏడు వందల యాభై ఏళ్లు దాటాక కూడా ఆ కావ్యం రాయాల్సి వచ్చిందంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారిని కూడా తలుచుకోవాలి. వ్యవసాయ కుటుంబంలో పుట్టి, తోలు అంటే ముక్కు మూసుకునే రోజుల్లో తోలు శాస్త్రం చదివారు. అమెరికా వెళ్లి అందులోనే డాక్టరేట్ తెచ్చుకున్నారు. 1958 నుంచి మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా, 1971 నుంచి దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలికే అధిపతిగా పనిచేశారు. 1985 జూన్ 23న ఐర్లండు దగ్గర సముద్రం మీద పేలిపోయిన కనిష్క విమానంలో ఆయన ఉన్నారు. మన జిల్లాలో ఏ బడిపిల్లవాడైనా తోలు ముక్క చేత్తో పట్టుకున్నప్పుడు ఆయన పేరు చెప్పాలని నా కోరిక.

ఇప్పుడు ఒర. ముందు కాగితం మీద గీసుకోవాలి. కుడిచేతి వాటం మనిషికి పిడి కుడి చేతి వైపు తిరిగి, ఒర ఛాతీకి అడ్డంగా వాలి ఉండాలి. భుజం వారు ఎడమ భుజం మీదుగా వెనక్కి పోతుంది. రెండో వారు డొక్కల చుట్టూ తిరుగుతుంది. వెనక, ఎడమ రెక్క ఎముక కింద ఈ రెండూ కలుస్తాయి. ఆ కలిసే చోట చాలామంది ఇనప రింగు పెడతారు. నేను పెట్టను. గోడకు ఆనుకున్నా, బండి సీటుకు ఆనుకున్నా అది వెన్నులో పొడుస్తుంది. దాని బదులు మూడు మూలల తోలు ముక్క కోసి, వారు కొసలను దానికి పరిచి కుడతాను. బరువు రింగంత చోట కాకుండా అరచేతంత మేర పరుచుకుంటుంది.

చూసేవాళ్లు ఒరని మెచ్చుకుంటారు. దాని అచ్చు, మెరుపు, కుట్టు. మోసేవాడికి తెలిసేది వారు ఒక్కటే. అందుకని నా సమయంలో పెద్ద భాగం వారుకే పోతుంది. తోలు మొత్తం ఒకే తీరుగా ఉండదు. వెన్ను పక్కన గట్టిగా, బిగువుగా ఉంటుంది. పొట్ట వైపు వదులు, లాగితే సాగుతుంది. వారు ఎప్పుడూ వెన్ను పక్కనే, మెడ నుంచి తోక వైపుగా కోయాలి. అడ్డంగా కోసిన వారు ఏడాది తిరగకుండా జారిపోతుంది. పొట్ట తోలు చవగ్గా వస్తుందని దానితో వార్లు కోసి అమ్మేవాళ్లున్నారు. కొనేముందు రెండు చేతులా పట్టి లాగి చూసుకోండి.

భుజం వారు అంగుళంన్నర వెడల్పు, డొక్కల వారు అంగుళం చాలు. మందం మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కోశాక నీళ్లతో తుడిచి, దూలానికి కట్టి, కింద నీళ్ల బక్కెట్ వేలాడదీసి రాత్రంతా వదిలేస్తాను. సాగాల్సిందేదో నా ఇంట్లోనే సాగాలి, మనిషి ఒంటి మీద కాదు. తెల్లారి కొలిచి, అప్పుడు చిల్లులు.

చిల్లుల దగ్గర తొందర పనికిరాదు. మనిషిని నిలబెట్టి, అతను రోజూ పనికి వేసుకునే చొక్కా మీదే కొలవాలి. మా ఎండల్లో బనీను మీద పల్చటి చొక్కా, పుష్యమాసపు తెల్లవారుజామున స్వెట్టరు. రెంటికీ అదే వారు సరిపోవాలి. అందుకే ఏడు చిల్లులు వేస్తాను. కొలతకు సరిపోయేది నాలుగోది. మూడు లోపలికి, మూడు బయటికి. ఒక్కోటికి ముప్పావు అంగుళం ఎడం. అంతకన్నా దగ్గరైతే రెండు చిల్లుల మధ్య తోలు తెగుతుంది, దూరమైతే సరిగ్గా కుదిరే చోటు దొరకదు. చిల్లు గుండ్రంగానే పడాలి. కత్తి మొనతో చీలిక పెడితే ఆ చీలిక మూల నుంచే తోలు చినగడం మొదలవుతుంది. గుండ్రటి చిల్లుకి మూల ఉండదు కదా! బకిల్ నాలుక దూరే చోట మాత్రం కోలగా కోయాలి, దాని రెండు కొసలు కూడా గుండ్రంగా పంచ్‌తో కొట్టి, మధ్యది రంపెతో తీసేయాలి.

బకిల్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో లెక్క. భుజం వారు రోజూ మార్చేది కాదు. ఒకసారి కుదిరితే నెలల తరబడి అదే. దాని బకిల్ వెనక వైపు ఉన్నా ఫరవాలేదు, మొదటిసారి ఎవరో ఒకరు పెట్టి ఇస్తారు. డొక్కల వారే రోజూ విప్పేదీ, బిగించేదీ. అది ఎడమ చంక కింద, కుడి చేయి అందే చోట ఉండాలి. లైన్‌మన్ విషయంలో ఇంకో జాగ్రత్త. ఛాతీ మీద ముందు వైపు ఇత్తడి ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. బకిల్ మీద తోలు నాలుక ఒకటి కప్పి కుట్టాను. కుర్రవాడితో గట్టిగా చెప్పాను కూడా: "తోలుంది గదా అని ధైర్యం చేయబాక. చెమటకు తడిసిన తోలు కరెంటుని ఆపదు. లైన్ క్లియర్, అదే ఎల్‌సీ, తీసుకోకుండా స్తంభం ముట్టబాక." అతను నవ్వి, "ఎల్‌సీ లేకుండా ఎక్కితే మా ఆవిడే వచ్చి దింపుద్దన్నా" అన్నాడు.

కుట్టు గురించి చెప్పాలంటే మా వీధి చివర ఉండే పెద్దాయన చేతులు మీరు చూడాలి. నాకు ఆరె పట్టడం నేర్పింది ఆయనే, మామా అని పిలుస్తాను. దారం నారది, కుట్టు పొడుగు ఎంతో దానికి నాలుగింతలు తీసుకొని తేనెమైనం ముద్ద మీదుగా లాగుతాడు. రెండు కొసలకీ రెండు సూదులు. కుట్టు గీత ముందే గీసి, అంగుళానికి ఆరు చొప్పున గుర్తులు. ఆరెను నిటారుగా దింపడు. మొన కాస్త ఏటవాలుగా, ప్రతి చిల్లూ ఒకే వాలులో. ఎడమ సూది ముందు దూరుతుంది, సగం దారం వచ్చాక కుడి సూది అదే చిల్లులోంచి, మొదటి దారాన్ని పొడవకుండా. అప్పుడు రెండు చేతులూ ఒక్కసారే చాచి బిగిస్తాడు. 'కిర్' మని మైనం శబ్దం. మిషను కుట్టులో పైదారం కింది దారాన్ని కొక్కెం వేసి పట్టుకుంటుంది, ఒకటి తెగితే వరసగా ఊడుతూ పోతుంది. ఈ కుట్టులో రెండు దారాలూ ప్రతి చిల్లునూ దాటి పోతాయి. ఒకటి అరిగి తెగినా రెండోది పట్టుకొనే ఉంటుంది. స్తంభం మీద ఉన్న మనిషి పనిముట్లకు మిషను కుట్టు నేను ఒప్పుకోను.

కుట్టాక ఆకారం దిద్దడం. గోరువెచ్చటి నీళ్లలో ఒరను ముంచితే బుడగలు వస్తాయి. బుడగలు ఆగాక తీయాలి. నీళ్లు వేడిగా ఉండకూడదు సుమా. డెబ్భై డిగ్రీలు దాటితే చెక్క తోలు ముడుచుకుపోయి కట్టె అవుతుంది, మళ్లీ దారికి రాదు. ప్లయర్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి లోపల పెట్టి, బొటనవేలితో, చెంచా కాడతో పైనుంచి ఒత్తుకుంటూ పోవాలి. పిడి ఎక్కడ మొదలవుతుందో, మూతి ఎక్కడ ముగుస్తుందో తోలు మీద లేచి కనపడేదాకా. తరవాత నీడలో ఆరాలి. మా ఊరి ఏప్రిల్ ఎండలో పెడితే గంటలో ఆరిపోతుంది, గంటలోనే పగుళ్లూ వస్తాయి. నీడలో ఒకటి రెండు రోజులు పట్టినా, ఆరాక తలకిందులు చేసి ఊపితే పనిముట్టు జారకూడదు, వేళ్లతో లాగితే రావాలి. అంచులకు తుమ్మ జిగురు రాసి కర్రతో రుద్దితే నునుపు తేలుతుంది. చివర ఆముదం, గుడ్డకు అద్ది పలచగా. ఆముదం ఎక్కువ తాగిన ఒర మెత్తబడి పట్టు వదిలేస్తుంది, చెప్పుకి పట్టించినట్టు దీనికి పట్టించకండి.

పిస్తోలు ఒర అడిగేవాళ్లూ అప్పుడప్పుడు వస్తారు, లైసెన్సు ఉన్నవాళ్లు. వాళ్లకు నేను మూడు మాటలు చెబుతాను. ట్రిగ్గరు పూర్తిగా తోలు కిందే ఉండాలి, పక్క నుంచి వేలు కూడా దూరకూడదు. పిడి మీదుగా బొటనవేలితో విప్పే పట్టీ ఒకటి తప్పనిసరి. తీసేటప్పుడు గొట్టం ఎడమ చేతి మీదుగా, పక్కనున్న మనిషి మీదుగా పోకూడదు, అందుకే ఒర వాలు ఎంతన్నది వాళ్ల ఇష్టం కాదు. ఈ షరతులు నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లమంటాను. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకీలు పోలీస్ స్టేషన్లో అప్పగించాల్సి వస్తుంది. ఆ నెలలన్నీ ఒర ఖాళీగా ఉంటుంది, ఖాళీ ఒర ముడుచుకుపోతుంది. అదే కొలత చెక్క ముక్క ఒకటి చెక్కించి లోపల పెట్టమంటాను.

లైన్‌మన్ కుర్రవాడు మొదటిసారి కట్టుకున్నప్పుడు భుజం వారు రెండు చిల్లులు బిగించాల్సి వచ్చింది. నిలబడి ఉంటే కుదిరింది గానీ, చేతులెత్తి వైరు పట్టుకున్నట్టు నటించమంటే ఒర పైకి లేచి గడ్డం కిందికి వచ్చింది. డొక్కల వారు కాస్త కిందికి దించి బిగించాక కదల్లేదు. కాబట్టి మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా, నిలబడి ఒప్పుకోకండి. చేతులెత్తండి, గొంతుక్కూర్చోండి, బండెక్కి వంగండి, గట్టిగా ఊపిరి పీల్చి చూడండి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కల వారు కింద రెండు వేళ్లు దూరాలి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది పంబకి వారు. ఉత్సవాలకు వాయించే ఒకాయన అడిగారు. పాతది నైలాన్ పట్టీ, మెడ పక్కన చర్మం లేచిపోయింది. అంగుళంన్నర సరిపోదనిపించి భుజం మీద వచ్చే చోట రెండున్నర అంగుళాలకు వెడల్పు చేసి, కింద మెత్తటి గొర్రె తోలు అస్తరు వేస్తున్నాను. ఆయన కొడుకు కూడా అదే పంబ వాయిస్తాడట, తండ్రి కన్నా జానెడు పొడుగు. ఈసారి ఏడు చిల్లులు చాలవు, పదకొండు వేయాలి.